గూడు కట్టాక పట్టు గ్రంథి ఏమైపోతుంది?

గొంగళిపురుగు రూపం మారడం అనగానే మనం వచ్చే రెక్కల గురించే మాట్లాడుకుంటాం. ఈ ఎపిసోడ్‌లో నేను పోయేవాటి గురించి చెబుతాను. పట్టుపురుగునే తీసుకుందాం. హిందూపురం, మదనపల్లె వైపు వాళ్ళకి దాన్ని పరిచయం చేయక్కర్లేదు.

గూడు కట్టే ముందు పురుగు బరువులో 40 శాతం దాకా పట్టు గ్రంథులే ఉంటాయి. తమాషా ఏంటంటే, గుడ్డులోంచి బయటికొచ్చాక ఆ గ్రంథిలో కణాల సంఖ్య పెరగదు. ఉన్న కణాలే, విడిపోకుండా, డీఎన్ఏని మళ్ళీ మళ్ళీ కాపీ చేసుకుంటూ ఉబ్బుతాయి. అంత పెద్ద గ్రంథి, పురుగు ప్యూపాగా మారిన రెండు మూడు రోజుల్లో కరిగిపోతుంది!

రోగం కాదు, ఆకలీ కాదు. పని లేక ఎండిపోయిందా అంటే అదీ కాదు. ఎక్డైసోన్ అనే హార్మోన్ పెరగగానే ఆ కణాలు తమ సొంత జన్యువుల్నే నడిపించి, కాస్పేస్ అనే ఎంజైములు తయారుగా పెట్టుకుని, తమ ప్రోటీన్లని తామే కత్తిరించుకుంటాయి. ఆ సరుకు వృథా కాదు. బయటికొచ్చే చిమ్మట ఏమీ తినదు కదా, లోపల ఉన్నదే దానికి పెట్టుబడి.

దీనికి 'ప్రోగ్రామ్డ్ సెల్ డెత్' అన్న పేరు వచ్చింది కూడా పట్టు చిమ్మటల వల్లే. 1964లో రిచర్డ్ లాక్షిన్, కారల్ విలియమ్స్ వాటి పొట్ట కండరాలని గమనించారు. గూడులోంచి బయటపడటానికి ఆ కండరాలు కావాలి. బయటపడ్డాక రెండు రోజుల్లోపే చచ్చిపోతాయి. ఇక్కడ నాకు బాగా నచ్చిన మెలిక ఒకటుంది. గ్రంథికి హార్మోన్ పెరగడం చావు కబురు, ఈ కండరాలకేమో తగ్గడం. పొగాకు జాతి మొక్కల్ని తినే మాండూకా అనే చిమ్మటకి సరైన సమయంలో ఎక్డైసోన్ ఎక్కిస్తే కండరాల చావు వాయిదా పడింది కూడా. అంటే హార్మోన్ ఒక కబురు మాత్రమే. దానికి అర్థం చెప్పుకునేది కణమే.

ఆ కబురు చెడగొడితే? ఇటలీలో పండ్ల తోటలకి కొట్టిన ఫెనాక్సీకార్బ్ మల్బరీ ఆకు మీద పడింది. అది బాల్య హార్మోన్‌లా పనిచేసే మందు. చచ్చేంత మోతాదు కాదు గానీ, పురుగులు పెద్దయ్యే దశ తప్పి గూడే కట్టలేదు. మన దగ్గర తెల్లదోమకి కొట్టే పైరిప్రాక్సిఫెన్ కూడా అదే కోవలోది. అందుకే మల్బరీ పక్కన పత్తి ఉంటే, ఆకు కోసే ముందు ఆ రైతుని ఏ మందు కొట్టారో అడగండి.