పసిబిడ్డ ఏడుపు అపచారమా?

ఒక ఆదివారం ఉదయం. స్వామివారికి అభిషేకం జరుగుతోంది. మంత్రపఠన మధ్యంలో ఒక పసిబిడ్డ గుక్కపట్టి ఏడ్వసాగింది. భక్తులు వెనుదిరిగి చూస్తున్నారు. "బిడ్డను వెలుపలికి తీసుకువెళ్ళమ్మా" అన్నాను. ఆ మాటలో విసుగు ధ్వనించింది. తల్లి తలవంచుకుని లేచింది. భర్త, అతని వేలు పట్టుకున్న పెద్ద పిల్లవాడు ఆమెను అనుసరించారు. వారు తీర్థమైనా స్వీకరించలేదు. అటుపిమ్మట అనేక మాసాలు ఆ కుటుంబం ఆలయంలో కనిపించలేదు.

మరొక సాయంకాలం భాగవత ప్రవచనంలో ధ్రువోపాఖ్యానం చెబుతున్నాను. తండ్రి ఉత్తానపాదుని ఒడిలో కూర్చోవాలని ఆశపడిన ఐదేళ్ళ బాలుని సవతితల్లి సురుచి అడ్డగించిన ఘట్టం వచ్చేసరికి నా కంఠం తడబడింది. జగత్పిత ఒడిని చేరవచ్చిన శిశువును నేనూ అట్లే వెలుపలికి పంపితిని కదా! ఆ కథలోనే నారదుడూ ఉన్నాడు. బాలుడవు, తపస్సు దుష్కరమని తొలుత వారించినా, ధ్రువుని నిశ్చయం గ్రహించి ద్వాదశాక్షరీ మంత్రాన్ని ఉపదేశించాడు. ఆలయంలోని పెద్దలకు ఆదర్శం ఆ దేవర్షియే.

మన ధర్మం శిశువును ఏనాడూ దూరంగా ఉంచలేదు. షోడశ సంస్కారాలలో నామకరణం, నిష్క్రమణం, అన్నప్రాశనం, చౌలం వంటివన్నీ బాల్యానికి చెందినవే. నిష్క్రమణంలో శిశువును తొలిసారి ఇంటి వెలుపలికి తెచ్చి సూర్యదర్శనం చేయిస్తారు; ఆలయానికి తీసుకువెళ్ళే ఆచారమూ ఉంది. గోదావరీ తీరాన బాసరలో జ్ఞానసరస్వతీ సన్నిధిని పిల్లలకు అక్షరాభ్యాసం జరిపిస్తారు. తిరుమల కల్యాణకట్టలో పుట్టువెంట్రుకలు సమర్పిస్తారు. అక్కడ ఏడాదిలోపు శిశువులున్న తల్లిదండ్రులకు సుపథం మార్గాన దర్శనం కల్పించే ఏర్పాటు కూడా ఉంది. అంతటి రద్దీ గల క్షేత్రంలోనే పసివారికి దారి చూపుతున్నప్పుడు, మన వీధి గుడిలో చోటు లేకపోవడమేమి?

ఈనాటి యువదంపతులు అనేకులు ఉద్యోగరీత్యా పెద్దలకు దూరంగా ఉంటున్నారు. బిడ్డను ఎత్తుకునే నాయనమ్మ, అమ్మమ్మ వారి వెంట లేరు. వారికి చిక్కేది ఒక్క ఆదివారమే. ఆనాడు గుడిలో చీవాట్లు ఎదురైతే మరల ఎందుకు వస్తారు?

అందుచేత మా ఆలయంలో కొన్ని మార్పులు చేసుకున్నాము. ముఖమండపంలో ఒక ప్రక్క పసిబిడ్డల తల్లులు కూర్చునేందుకు చోటు కేటాయించాము. హారతి వేళ పిల్లలను ముందుకు పిలిచి, వంతులవారీగా గంట మ్రోగించనిస్తున్నాము. వారి ప్రశ్నలకు విసుగుకొనక సమాధానం చెబుతున్నాము.

ధనుర్మాసంలో ఒక వేకువన ఆ కుటుంబం తిరిగి వచ్చింది. "ఆనాడు కటువుగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండమ్మా" అని ఆ ఇల్లాలితో అన్నాను. ఆమె కన్నులు చెమర్చాయి. పెద్ద పిల్లవాడు శఠగోపాన్ని చూపి "తాతగారూ, తలపై ఈ టోపీ ఎందుకు పెడతారు?" అని అడిగాడు. "దానిపై స్వామి పాదుకలున్నాయి, చూడు నాయనా. నమ్మాళ్వారులకు శఠకోపులన్న పేరుంది. ఆ పేరే దీనికి వచ్చింది. స్వామి పాదాలు నీ తలను తాకినట్లే" అన్నాను. వాడు వెంటనే చెల్లెలి తలపై కూడా ఉంచమన్నాడు. ఆ పాప ఈసారీ ఏడ్చింది. ఎవరూ వెనుదిరిగి చూడలేదు.

తల్లిదండ్రులారా, బిడ్డ అల్లరి చేస్తుందని గుడికి రావడం మానకండి. కొంతసేపు ప్రాకారంలో త్రిప్పి మరల సన్నిధికి తీసుకురండి. "కళ్ళు పోతాయి" అని దేవుని పేరిట భయపెట్టకండి. పెద్దలారా, ప్రక్కన పసిబిడ్డ ఏడిస్తే చేతులు చాచి ఒక్క నిమిషం ఎత్తుకోండి. ఆ తల్లి కన్నులారా స్వామిని దర్శించుకుంటుంది. తోటి అర్చకులకు నా మనవి ఒక్కటే: సన్నిధికి వచ్చిన బిడ్డ మన నోట మొదట వినవలసిన మాట "రా నాయనా" అన్నదే.