జొన్న తేనెబంక శిలీంధ్రం: వర్గీకరణ, స్వరూప లక్షణాలు

పుట్టపర్తి పరిసరాలలోని ఎర్రనేలలు వానాధారపు సేద్యానికి నెలవులు. వేరుశనగ విస్తరించక పూర్వం చిత్రావతి పరీవాహకంలో జొన్న, సజ్జ, కొర్ర ముఖ్యమైన ఆహారధాన్యాలు. అనంతపురం పీఠభూమిలో సాలీనా వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు; అందులో పెద్ద వాటా సెప్టెంబరు, అక్టోబరు మాసాలదే. ఖరీఫ్ చిరుధాన్యాలు పూతకు వచ్చేదీ ఇంచుమించు ఆ రోజులలోనే. పూతకు తడి, చల్లదనం తోడైనప్పుడు కంకి నుండి తేనెవంటి జిగురు స్రవించే వ్యాధిని తేనెబంక తెగులు అంటారు. దీనికి కారకం ఆస్కోమైకోటాలోని హైపోక్రియేల్స్ క్రమం, క్లావిసిపిటేసి కుటుంబానికి చెందిన క్లావిసెప్స్ ప్రజాతి. తెగులు పేరు ఒక్కటే గాని, దాని వెనుక ఉన్న జాతి ఒక్కటి కాదు.

అనంతపురం మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న కాలంలో, 1917లో, మెక్‌రే దక్షిణభారత జొన్నపై ఈ శిలీంధ్రాన్ని గుర్తించి దాని అలైంగిక దశకు స్ఫసీలియా సోర్గి అని నామకరణం చేశాడు. లైంగిక దశ వర్ణనకు దాదాపు ఆరు దశాబ్దాలు పట్టింది: 1976లో కులకర్ణి, శేషాద్రి, హెగ్డే క్లావిసెప్స్ సోర్గి జాతిని ప్రతిపాదించారు. ఆఫ్రికాలోని జొన్న ఎర్గాట్ దీనికంటె భిన్నమని ఫ్రెడరిక్సన్, మాంటిల్, డి మిలియానో 1991లో నిరూపించి, దానిని క్లావిసెప్స్ ఆఫ్రికానాగా వేరు చేశారు. ఈ రెండవ జాతి 1995లో బ్రెజిల్‌లో, 1996లో ఆస్ట్రేలియాలో, 1997లో అమెరికా సంయుక్త రాష్ట్రాలలో కనిపించింది. భారతదేశంలో దాని ఉనికిని బోగో, మాంటిల్ 1999లో ప్రకటించారు. కనుక అంతకు పూర్వం సేకరించి, క్లావిసెప్స్ సోర్గి అని చీటీ అంటించిన నమూనాలన్నిటినీ ఆ పేరుతోనే స్వీకరించడం సమంజసం కాదు.

శిలీంధ్రం ఫలదీకరణ జరగని అండాశయాన్నే ఆక్రమిస్తుంది. పుప్పొడి ముందు చేరితే గింజ, సిద్ధబీజం ముందు చేరితే బంక. సంకర విత్తనోత్పత్తిలోని పురుషవంధ్య వరుసలకు ముప్పు అధికం కావడానికి కారణం ఇదే. అండాశయం స్థానంలో మెత్తని తెల్లని స్ఫసీలియం ఏర్పడి బంకను స్రవిస్తుంది. ఆఫ్రికానా స్థూల సిద్ధబీజాలు దీర్ఘవృత్తాకారంలో, నడుమ కొద్దిగా నొక్కుకొని, 9–17 × 5–8 మైక్రోమీటర్ల పరిమాణంలో ఉంటాయి. రెండు కొనల వద్ద రిక్తికలు కనిపిస్తాయి. సూక్ష్మ సిద్ధబీజాలు గోళాకారం, 2–3 మైక్రోమీటర్లు. బంక ఉపరితలాన తెల్లని పొడిలా పుట్టే ద్వితీయ సిద్ధబీజాలు బేరిపండు ఆకృతిలో ఉండి గాలిలో వ్యాపిస్తాయి. వర్షపు తుంపర్లనో కీటకాలనో ఆశ్రయించనక్కరలేని ఈ మార్గం ఆ జాతి విస్తృతికి ముఖ్య హేతువు.

స్ఫసీలియం గట్టిపడితే స్క్లిరోషియం అవుతుంది. సోర్గిలో అది పొడవుగా పుష్పకవచాలను దాటి బయటికి వస్తుంది; ఆఫ్రికానాలో గుండ్రంగా, చిన్నదిగా, చాలావరకు కవచాల మాటునే ఉంటుంది. క్షేత్రంలో ఉపయోగపడే భేదం ఇదే అయినా, అపరిపక్వ దశలో నమ్మదగినది కాదు. డైహైడ్రోఎర్గోసిన్ అనే ఆల్కలాయిడ్ ఆఫ్రికానాకు రసాయనిక గుర్తు. ఆ స్క్లిరోషియాలు కలిసిన దాణా తిన్న పందులలో పాలు తగ్గడం ఆస్ట్రేలియాలో నమోదైంది. నిర్ధారణకు డీఎన్ఏ పరీక్ష శరణ్యం.

సజ్జ విషయంలో సందిగ్ధత తక్కువ. దానిపై వచ్చేది లవ్‌లెస్ 1967లో వర్ణించిన క్లావిసెప్స్ ఫ్యూజిఫార్మిస్. కదురువలె రెండు కొనలా సన్నగిల్లిన స్థూల సిద్ధబీజాలే ఆ పేరుకు ఆధారం. జొన్న బంకనూ సజ్జ బంకనూ పక్కపక్కన సూక్ష్మదర్శిని కింద ఉంచితే విద్యార్థి సైతం తేడా చెప్పగలడు.

పొరపాటు తరచుగా జరిగేది మరొకచోట. బంకపై సెరిబెల్లా అనే పూతికాహారి పెరిగి, మెదడు మడతలను పోలిన నల్లని ముద్దలతో కంకిని కప్పివేస్తుంది. దానిని కాటుక తెగులుగా భ్రమించడం కద్దు. ఆ ముద్దను చీల్చి అడుగునున్న స్ఫసీలియాన్ని చూడనిదే కంకి నమూనాకు పేరు పెట్టరాదు.