మైదా, వెన్న లేని ఇటలీ క్రిస్మస్ బిస్కెట్: రిచ్చారెల్లి

ఇవాళ మన ఓటీజీలో రిచ్చారెల్లి చేద్దాం. ఇటలీలో సియెనా అనే ఊరి క్రిస్మస్ బిస్కెట్ ఇది. మైదా లేదు, వెన్న లేదు, అంతా బాదమే. 2010లో యూరోపియన్ యూనియన్ ఈ పేరుకి మన జీఐ ట్యాగ్ లాంటి గుర్తింపు ఇచ్చింది.

ముందు నా ఫెయిల్యూర్ చెప్తా. ఫస్ట్ బ్యాచ్ ఎర్రగా రాలేదని ఇంకో 10 నిమిషాలు ఉంచేశా. తీసి చూస్తే రాళ్లు! 200 గ్రాముల బాదం వేస్ట్. తప్పు ఓవెన్‌ది కాదు, నాదే. ఇవి తెల్లగానే ఉండాలి.

ఇప్పుడు ప్రాసెస్. 200 గ్రాముల బాదం వేడినీళ్లలో వేసి, పొట్టు తీసి, బాగా ఆరబెట్టండి. 150 గ్రాముల పంచదార కలిపి మిక్సీ ఆపి ఆపి తిప్పండి. ఆపకుండా తిప్పితే నూనె వదిలేస్తుంది. కమలా తొక్క తురుము వేసి, 2 చిన్న గుడ్ల తెల్లసొన కొంచెం కొంచెంగా కలపండి. చపాతీ ముద్దలా అయితే ఆపేయండి. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచితే బాదం పొడి తడి పీల్చుకుని ముద్ద గట్టిపడుతుంది.

పొద్దున కాజు కత్లీ షేప్‌లో, కాస్త మందంగా చేసి, పంచదార పొడిలో బాగా దొర్లించి, 150 డిగ్రీల దగ్గర 15 నుంచి 18 నిమిషాలు బేక్ చేయండి. పైపొర ముందే ఆరిపోతుంది, లోపల ఆవిరికి ఉబ్బుతుంది, అందుకే పగుళ్లొస్తాయి. అవి బగ్ కాదు, ఫీచర్!

తీయగానే మెత్తగా ఉంటాయి, కంగారుపడి మళ్లీ లోపల పెట్టకండి. చల్లారాక అవే సెట్ అవుతాయి. మీ బ్యాచ్ ఎలా వచ్చిందో కామెంట్‌లో చెప్పండి. బై!