మీ అమ్మాయి క్యాంపుకెళ్తానంటోందా?

"అమ్మా, స్కౌట్స్ అండ్ గైడ్స్ లో పేరిచ్చాను. ఈ కాగితం మీద సంతకం పెట్టాలట" అని పిల్లలొచ్చి నిలబడితే మన ఇళ్ళల్లో వచ్చే సందేహాలు ఇంచుమించు ఒకటే. చదువు పాడవుతుందేమో! యూనిఫామ్ కి ఎంతవుతుందో! మగపిల్లాడైతే సరే, ఆడపిల్లని ఊరుకాని ఊళ్ళో గుడారంలో పడుకోబెడితే ఎలా! చివరికి "మీ నాన్నగారిని అడుగు" అనేసి పోపు పెట్టుకోవడానికి వెళ్ళిపోతాం.

వద్దనే ముందు, సరే అనే ముందు కూడా, అసలు అక్కడ ఏం జరుగుతుందో తెలుసుకోవడం మంచిది కదా! మా పెద్దమ్మాయి నాలుగేళ్ళు గైడ్ గా ఉంది. ఆ నాలుగేళ్ళలో నేను చూసినవీ, పెద్దవాళ్ళని అడిగి తెలుసుకున్నవీ మీతో పంచుకుంటాను.

ఎక్కడ మొదలైంది?

ఇంగ్లండులో బేడెన్ పవెల్ అనే సైనికాధికారి 1907లో బ్రౌన్ సీ అనే దీవిలో ఇరవైమంది దాకా మగపిల్లల్ని పోగేసి ఒక క్యాంపు పెట్టాడు. గొప్పింటి పిల్లల్నీ, పేదింటి పిల్లల్నీ కలిపేసి చిన్న చిన్న జట్లుగా చేశాడు. అదే స్కౌట్లకి నాంది. మరి ఆడపిల్లలో? 1909లో లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దగ్గర స్కౌట్ల సమావేశం జరుగుతుంటే కొందరు ఆడపిల్లలు ఎవరూ పిలవకుండానే అక్కడికొచ్చి "మేమూ స్కౌట్లమే" అన్నారట! ఆ మరుసటి ఏడాది, 1910లో, గైడ్స్ మొదలైంది. చూశారా, ఆడపిల్లలు అడిగి తెచ్చుకున్నదే ఇది.

మన దేశానికి 1909లోనే వచ్చినా మొదట్లో తెల్లవాళ్ళ పిల్లలకీ, ఆంగ్లో ఇండియన్ల పిల్లలకీ మాత్రమే. మన పిల్లల కోసం 1916లో మద్రాసులో అనిబిసెంట్ ఒక సంఘం పెట్టారు. తర్వాత అలహాబాదులో మదనమోహన మాలవీయ వంటి పెద్దలు మరో సంఘం నడిపారు. స్వతంత్రం వచ్చాక ఇవన్నీ కలిసి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ ఏర్పడింది. 1951 ఆగస్టు 15న గైడ్స్ కూడా వచ్చి చేరారు. 1964 నుంచి 1983 దాకా ఈ సంస్థకి జాతీయ కమిషనర్ గా ఉన్నది ఒక మహిళ, లక్ష్మీ మజుందార్.

పెట్రోలు కాదండోయ్, పట్రోలు!

ఇందులో వయసుని బట్టి విభాగాలున్నాయి. చిన్నపిల్లల్లో మగపిల్లల్ని కబ్స్ అనీ, ఆడపిల్లల్ని బుల్ బుల్స్ అనీ అంటారు. పదేళ్ళు నిండితే స్కౌట్లు, గైడ్లు. కాలేజీ వయసు వచ్చాక రోవర్లు, రేంజర్లు.

స్కౌట్ల జట్టుని ట్రూప్ అంటారు, గైడ్లదైతే కంపెనీ. ట్రూప్ కి స్కౌట్ మాస్టర్, కంపెనీకి గైడ్ కెప్టెన్ ఉంటారు. ఒక ట్రూప్ లో మహా అయితే 32 మంది. వాళ్ళని మళ్ళీ ఆరు నుంచి ఎనిమిది మంది చొప్పున చిన్న దళాలు చేస్తారు. ఆ దళం పేరే పట్రోల్. స్కౌట్ల పట్రోళ్ళకి జంతువుల పేర్లు, పక్షుల పేర్లు. గైడ్లకైతే పూల పేర్లు పెట్టుకోవడం ఆనవాయితీ. మా అమ్మాయిది మందార పట్రోల్.

అసలు కిటుకంతా ఈ పట్రోల్ లోనే ఉంది. అందులో ఒక లీడరు, లీడరుకి ఒక సహాయకురాలు. మిగతావాళ్ళలో ఊరికే కూర్చునేవాళ్ళు ఉండరు. ఒకరు సామాన్లు చూడాలి, ఒకరు డబ్బు లెక్క రాయాలి, ఒకరు జరిగినవన్నీ లాగ్ బుక్కులో రాయాలి, ఒకరు మందుల పెట్టె, ఒకరు వంట. ఇంట్లో చెంబు తీసి పక్కన పెట్టని పిల్ల అక్కడ ఎనిమిదిమంది పళ్ళేల లెక్క అప్పజెప్పాలి! ఒక్క పళ్ళెం తగ్గితే అడిగేది టీచరు కాదు, తోటి పిల్లలే. అందుకే ఆ మాట తలకెక్కుతుంది.

పట్రోల్ లీడర్లంతా కూర్చుని మాట్లాడుకునే సభని కోర్ట్ ఆఫ్ ఆనర్ అంటారు. వచ్చే నెల కార్యక్రమం ఏమిటి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి, ఎవరైనా క్రమశిక్షణ తప్పితే ఏం చెయ్యాలి, ఇవన్నీ అక్కడే. మాస్టారు గాని, కెప్టెన్ గాని పక్కన ఉండి సలహా ఇస్తారు, అంతే. ఇంట్లో మనం పెద్దవాళ్ళం మాట్లాడుకునేటప్పుడు పిల్లల్ని "నీకెందుకు, వెళ్ళి చదువుకో" అంటాం. అక్కడ పన్నెండేళ్ళ పిల్ల కూర్చుని నలుగురి మంచిచెడ్డలు ఆలోచిస్తుంది. ఎంత తేడా!

మెట్టు మీద మెట్టు

కొత్తగా చేరిన పిల్లలు ముందు ప్రవేశ్ పూర్తి చెయ్యాలి. తర్వాత ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, ఆపైన రాజ్య పురస్కార్, అన్నిటికన్నా పైన రాష్ట్రపతి అవార్డు. సోపానం అంటే మెట్టే కదా! ముళ్ళు వెయ్యడం, ప్రథమ చికిత్స, దిక్కులు కనుక్కోవడం, మ్యాపు చూడటం, నిప్పు రాజెయ్యడం, వంట, సేవ, ఇలా ఒక్కో మెట్టుకి కొన్ని నేర్చుకోవాలి. ఇవి కాక వంట, తోటపని, సైకిలు, ఈత వంటివాటికి విడిగా బ్యాడ్జీలున్నాయి. రైల్వేలో స్కౌట్స్, గైడ్స్ కోటా కింద ఏళ్ళ తరబడి ఉద్యోగాలు ఇస్తూ వచ్చారు. రాష్ట్రపతి అవార్డు అక్కడ అక్కరకొచ్చిన పిల్లలున్నారు. అయితే ఉద్యోగం కోసమే చేర్పించకండి, అది దూరపు మాట.

నాకు అన్నిటికన్నా నచ్చింది రోజుకో మంచిపని అనే నియమం. పని గుర్తుండటానికి స్కార్ఫు కొసని ముడి వేసుకునే అలవాటు కూడా ఉంది. మా అమ్మాయి మొదట్లో చీకటి పడేదాకా మర్చిపోయి, పడుకోబోయే ముందు గబగబా నాకు మంచినీళ్ళు తెచ్చిచ్చి "అయిపోయింది" అనేది. తర్వాత్తర్వాత ఎదురింటి మామ్మగారికి కరెంటు బిల్లు చదివి చెప్పడం దాకా వచ్చింది.

ఇంటివాళ్ళ పాత్ర

ట్రూప్ అంటే స్కూలు వ్యవహారం, మనకేం పని అనుకుంటాం గాని, ఇంటివాళ్ళు చెయ్యి వెయ్యకపోతే ఏ ట్రూపూ నిలబడదు. పిల్ల చేరడానికి మన అంగీకారం కావాలి. ప్రమాణం చేసి స్కార్ఫు కట్టించుకునే రోజున తల్లిదండ్రుల్ని పిలుస్తారు. ఆ రోజు పని మానుకునైనా వెళ్ళండి. పిల్ల కళ్ళు మనకోసమే వెతుకుతాయి. క్యాంపుకి వెళ్ళాలంటే మన రాతపూర్వక అనుమతి ఉండాల్సిందే. క్యాంపు ఆఖర్న రాత్రి మంట చుట్టూ ఆటపాటలు పెడతారు. దానికీ చాలాచోట్ల ఇంటివాళ్ళని రమ్మంటారు.

మనం చెయ్యగలిగినవి ఇంకా ఉన్నాయి. యూనిఫామ్ పొట్టయిపోతే పారెయ్యకుండా కిందితరగతి పిల్లకి ఇప్పించండి. కుట్టు వచ్చిన తల్లి బ్యాడ్జీలు కుట్టిపెట్టొచ్చు. నర్సుగా చేసినావిడ ఉంటే కట్టు కట్టడం నేర్పించొచ్చు. వంటలో చెయ్యి తిరిగిన వాళ్ళం మనం లేమూ! మరో సంగతి. స్కూలుతో సంబంధం లేకుండా కాలనీల్లో నడిపే ఓపెన్ గ్రూపులు కూడా ఉన్నాయి. పెద్దవాళ్ళకి బేసిక్ కోర్సు, అడ్వాన్స్ డ్ కోర్సు, హిమాలయ వుడ్ బ్యాడ్జి అని శిక్షణ ఉంది. ఓపిక, తీరిక ఉన్న ఇల్లాలు శిక్షణ పొంది గైడ్ కెప్టెన్ కావచ్చు.

క్యాంపులో ఏం వండుకుంటారు?

పొద్దున్నే లేవడం, వ్యాయామం, గుడారం సర్దుకోవడం, తర్వాత తనిఖీ. దుప్పటి మడత సరిగ్గా లేకపోయినా మార్కులు పోతాయి! కర్రలూ తాళ్ళతో మేకు కొట్టకుండా పళ్ళేల స్టాండు, చెప్పుల స్టాండు కట్టేస్తారు.

వంట పట్రోల్ వారీగా. అందులో ఒక తమాషా ఉంది, గిన్నెల్లేని వంట! బంగాళాదుంపకి తడిమట్టి మెత్తి నిప్పుల్లో కప్పెడతారు. మట్టి ఎండి బీటలిచ్చాక పగలగొడితే తొక్క మట్టితోపాటు ఊడొస్తుంది, ఉప్పూకారం చల్లుకుని తినడమే. గట్టిగా కలిపిన గోధుమపిండిని తాడులా చేసి, శుభ్రంగా చెక్కిన పచ్చికర్రకి చుట్టి నిప్పుల సెగకి తిప్పుతూ కాలుస్తారు. మన పెరట్లో కూడా చేసి చూడొచ్చు. పిల్లలకి సెలవుల్లో మంచి కాలక్షేపం.

ఆడపిల్లల దగ్గరకొచ్చేసరికి...

ఇక అసలు మాట. ఆరో తరగతిలో ఉత్సాహంగా చేరిన ఆడపిల్లలు ఎనిమిదికొచ్చేసరికి ఎందుకు తగ్గిపోతారు? "పెద్దమనిషయింది, ఇక క్యాంపులేమిటి" అనే మాట వల్ల. క్యాంపులో ఉండకుండా పై మెట్లు ఎక్కడం కుదరదు. అంటే మనం ఆ మాట అన్న రోజునే ఆ పిల్లకి మెట్లు ఆగిపోయినట్టు.

మా అమ్మాయి పట్రోల్ లో అందరికన్నా చురుకైన పిల్ల ఒకతి ఉండేది. తాళ్ళ ముళ్ళు కళ్ళు మూసుకుని వేసేది. ఎనిమిదో తరగతిలో వాళ్ళ నాన్నగారు క్యాంపు కాగితం మీద సంతకం పెట్టలేదు. ఆయన్ని తప్పుపట్టలేం, లోకం అలా ఉంది. ఆ పిల్ల రెండు నెలలు రావడం మానేసింది. అప్పుడు మేం నలుగురు తల్లులం గైడ్ కెప్టెన్ ని వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాం. వాదించలేదు. టీ తాగుతూ ఆయన అడిగినవాటికల్లా ఆవిడ జవాబు చెప్పారు. ఎక్కడ పడుకుంటారు, స్నానాలెక్కడ, రాత్రి కాపలా ఎవరు, జ్వరమొస్తే ఏం చేస్తారు, అన్నీ! "వాళ్ళమ్మ ఒక పూట వచ్చి చూడొచ్చా?" అన్నారాయన. "నిక్షేపంగా రండి" అన్నారావిడ. ఆ ఏడాది క్యాంపు ఎలాగూ అయిపోయింది. మరుసటేడు ఆ పిల్ల వెళ్ళింది. వాళ్ళమ్మ రెండోరోజు వెళ్ళి చూసొచ్చింది. మూడో ఏడు చూడ్డానికి కూడా వెళ్ళలేదు!

భయం తప్పు కాదు. అడక్కుండా వద్దనడమే పిల్లకి నష్టం. కాబట్టి ముందు ఇవి అడిగి తెలుసుకోండి:

* గైడ్లతో ఉండే శిక్షణ పొందిన ఆడ లీడర్లు ఎంతమంది? రాత్రి కూడా అక్కడే ఉంటారా?
* క్యాంపుకి పై కమిషనర్ అనుమతి తీసుకున్నారా?
* మరుగుదొడ్లు, స్నానాల గదులు విడిగా ఉన్నాయా? గడియలున్నాయా?
* మంచినీళ్ళు ఎక్కడివి? దగ్గర్లో ఆసుపత్రి ఏది?
* ఇంటికి ఫోన్ చెయ్యాలంటే ఎవర్ని అడగాలి? లీడరు నెంబరు మన దగ్గర ఉందా?
* చెరువు, సముద్రం దగ్గరైతే నీళ్ళ దగ్గర ఎవరుంటారు?

సరైన జవాబు రాకపోతే పంపకండి, మొహమాటం లేదు. బాగా నడిపేవాళ్ళు ఇలా అడిగినందుకు నొచ్చుకోరు.

పంపేటప్పుడు సంచిలో టార్చిలైటు, దుప్పటి, రెండు జతల బట్టలు ఎక్కువ, తువ్వాలు, సబ్బు, పళ్ళెం, గ్లాసు, వాడే మందులుంటే చీటీ రాసి పెట్టండి. నెలసరి తేదీ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్లు, పాత న్యూస్ పేపర్లు తప్పకుండా పెట్టండి. కెప్టెన్ కి ఆ మాట ముందే చెవిన వెయ్యండి. చిరుతిండికి జంతికలు, నువ్వులుండలు నిలవుంటాయి. నూనె కారేవీ, పాలకోవాలూ వద్దు. సంచి మాత్రం పిల్ల చేతే సర్దించండి. మనం సర్దితే ఏది ఎక్కడుందో చీకట్లో దానికి దొరకదు.

మన ఊళ్ళకి ఇది మరీ అవసరం

మా పరవాడ ఇప్పుడు పాత పల్లెటూరు కాదు. ఒకవైపు సింహాద్రి థర్మల్ పవర్ స్టేషన్, ఒకవైపు ఫార్మా సిటీ, కాస్త దూరంలో స్టీల్ ప్లాంటు, ఇటు సముద్రం. ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడినుంచో వచ్చిన కుటుంబాలు. తాతయ్యా నాయనమ్మా సొంతూళ్ళో, పిల్లలు ఇక్కడ. ఆపదొస్తే పరిగెత్తుకొచ్చే చుట్టాలు లేరు.

2014 అక్టోబరు 12న హుద్ హుద్ తుపాను వచ్చినప్పుడు చూశాం కదా! రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్లకడ్డంగా చెట్లు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖ వెంకటాపురంలో గ్యాసు లీకైనప్పుడు ఎటు పరిగెత్తాలో తెలియక జనం ఎంత తల్లడిల్లారో! అలాంటప్పుడు గాలి ఏ వైపు వీస్తోందో చూసి, గాలికి ఎదురు కాకుండా, గాలితోపాటూ కాకుండా అడ్డంగా దూరం వెళ్ళాలనీ, ముక్కూ నోటికి తడిగుడ్డ కట్టుకోవాలనీ తెలిసిన పిల్ల ఇంట్లో ఉంటే ఎంత ధైర్యం! వంటింట్లో చెయ్యి కాలితే పేస్టు, సిరా పూయకుండా ఇరవై నిముషాలు కుళాయి నీళ్ళ కింద పెట్టాలని మా ఇంట్లో అందరికీ చెప్పింది మా అమ్మాయే. స్కౌట్ల స్కార్ఫు మూడుకోణాల గుడ్డ. విప్పితే విరిగిన చేతికి ఊయలకట్టు అవుతుంది. "సిద్ధంగా ఉండు" అనేది వాళ్ళ నినాదం. ఆ మాట మా ఊరికి సరిగ్గా సరిపోతుంది.

చదువు సంగతి అడుగుతారా? నా మటుకు చెప్తాను. మా అమ్మాయికి మార్కులు పెరగలేదు, తగ్గనూ లేదు. కానీ పొద్దున్న లేపే పని నాకు తప్పింది. పరీక్షల టైంటేబుల్ తనే గోడకి అంటించుకునేది. ఇంటర్ కి హాస్టల్లో చేరిన రోజున తోటి పిల్లలు ఏడుస్తుంటే ఇది బక్కెట్లూ తాళాలూ లెక్కపెడుతోందని వార్డెన్ చెప్పారు!

మీ పిల్లల స్కూల్లో ట్రూప్ గాని, కంపెనీ గాని ఉందేమో ఈ వారమే కనుక్కోండి. లేకపోతే నలుగురు తల్లులు కలిసి హెడ్ మాస్టారుగారిని అడగండి. శిక్షణ తీసుకుంటానని మీలో ఒకరు ముందుకొస్తే ఆయనకీ సగం బరువు దిగుతుంది. మనం ఏళ్ళ తరబడి ఇల్లు నడిపినవాళ్ళం. ముప్ఫైరెండు మంది పిల్లల్ని నడపలేమా, ఏమంటారు?