ఒక మనిషి పేరు ఒక్క చోటే రాద్దాం

కంప్యూటరు గదిలో నేను నేర్చుకున్న డేటాబేసు సంగతి చెప్తాను.

వేసవి సెలవుల్లో అమ్మా నేనూ రావులపాలెం వెళ్ళాం. అక్కడ అరటి మార్కెట్టులో మా మావయ్య గెలలు మోస్తాడు. కర్పూరం, చక్కెరకేళి, బొంత గెలలు లంక ఊళ్ళ నుంచి వస్తాయి. వాటిని లారీలకెత్తి వేరే రాష్ట్రాలకు పంపుతారు. ఒక కొట్టు పుస్తకంలో మావయ్య పేరు మూడు రోజులు లచ్చన్న అనీ, రెండు రోజులు లక్ష్మన్న అనీ రాశారు. వారం చివర మూడు రోజుల కూలే ఇచ్చారు. లక్ష్మన్న ఎవరో వేరే మనిషి అన్నారు. మావయ్యకి చదువు రాదు. నేను చదివాను గానీ ఏం అడగాలో తెలీలేదు.

డేటాబేసు అంటే పట్టికలు దాచే పెట్టె లాంటిది. సమాచారం పట్టికలుగా రాసి, వాటిని ఒకదానితో ఒకటి కలపొచ్చని 1970లో ఐబీఎం కంపెనీలో పనిచేసే ఎడ్గర్ కాడ్ చెప్పాడు. మనిషి పేరు ఒక పట్టికలో ఒక్కసారే రాస్తాం. మిగతా పట్టికల్లో అతని నంబరే వేస్తాం.

మేం వాడింది ఎస్‌క్యూలైట్. దీన్ని రిచర్డ్ హిప్ 2000లో తయారుచేశాడు. ఇది ఉచితం. మన ఆండ్రాయిడ్ ఫోన్లలో కూడా ఉంటుంది. దీనికి మౌసు అక్కర్లేదు. నల్లపలక లాంటి తెర మీద టైపు చేయాలి. చదవడానికి తెలుగులో రాశాను, మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాలి.

మొదట పెట్టె తెరవాలి:
ఎస్‌క్యూలైట్3 మార్కెట్.డీబీ

తర్వాత రెండు పట్టికలు గీయాలి:
క్రియేట్ టేబుల్ కూలీ (నంబరు ఇంటీజర్ ప్రైమరీ కీ, పేరు టెక్స్ట్);
క్రియేట్ టేబుల్ పని (నంబరు ఇంటీజర్, తేదీ టెక్స్ట్, డబ్బు ఇంటీజర్);

ఇంటీజర్ అంటే అంకె, టెక్స్ట్ అంటే రాత. ప్రైమరీ కీ అంటే ఆ నంబరు ఇంకొకరికి ఇవ్వకూడదు. ఇస్తే కంప్యూటరు ఒప్పుకోదు.

ఇప్పుడు వివరాలు ఎక్కించాలి:
ఇన్సర్ట్ ఇంటూ కూలీ వాల్యూస్ (7, 'లచ్చన్న');
ఇన్సర్ట్ ఇంటూ పని వాల్యూస్ (7, '2024-05-10', 500);

ఇలా తేదీలు మార్చి ఐదు రోజులూ ఎక్కించాను. తర్వాత లెక్క అడిగాను:
సెలెక్ట్ పేరు, సమ్(డబ్బు) ఫ్రమ్ కూలీ జాయిన్ పని యూజింగ్ (నంబరు) గ్రూప్ బై నంబరు;

లచ్చన్న, 2500 అని వచ్చింది. పేరు తప్పు పడితే ఇలా దిద్దాలి:
అప్‌డేట్ కూలీ సెట్ పేరు = 'లక్ష్మన్న' వేర్ నంబరు = 7;

మళ్ళీ లెక్క అడిగితే పేరు మారింది, 2500 మాత్రం అలాగే ఉంది! ఎందుకంటే డబ్బు నంబరు మీద ఉంది.

జాగ్రత్తలు రెండు. చివర సెమీకోలన్ మరిచిపోతే తెర మీద చుక్కలు వచ్చి ఊరికే ఎదురుచూస్తుంది. అప్పుడు సెమీకోలన్ కొడితే చాలు. దిద్దేటప్పుడు 'వేర్' మరిచిపోతే అందరి పేర్లూ ఒకటే అయిపోతాయి. నేను ఆ తప్పు చేసి అన్నీ మళ్ళీ కొట్టాను. బయటికి రావడానికి డాట్ క్విట్ కొట్టాలి.

కంప్యూటరు కూలి ఇప్పించదు. కానీ ఏం అడగాలో ఇప్పుడు నాకు తెలుసు. మావయ్యకి అంకెలు వచ్చు. ఒక నోటుబుక్కు ఇచ్చి రోజూ తేదీ, డబ్బు వేసుకోమన్నాను. కొట్టు పుస్తకంలో తన పేరు పక్కన ఒకే నంబరు వేయమని అడగమన్నాను.

మీరు కూడా ఆధార్‌లో, రేషన్ కార్డులో, బడి రిజిస్టరులో మీ పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోండి. తేడా ఉంటే ఇప్పుడే టీచరుగారికి చెప్పండి.

— 9వ తరగతి విద్యార్థిని