ఇంజనుకు తగిన ఊపిరి

మనిషికి అన్నంతోపాటు గాలి ఎంత అవసరమో, పెట్రోలు ఇంజనుకు ఇంధనంతోపాటు గాలి అంతే అవసరం. ఈ రెండింటినీ తగిన పాళ్లలో కలిపి ఇంజనుకు అందించే సాధనమే కార్బురేటర్. నేటి కొత్త కార్లలో ఈ పనిని ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ పద్ధతి నిర్వహిస్తున్నది. అయితే పొలాల గట్ల వెంబడి, బురద దారుల్లో తిప్పడానికి పాత పెట్రోలు జీపులను బాగుచేసుకొనేవారికి కార్బురేటర్ ఎంపిక నేటికీ ముఖ్యమైన విషయమే.

కార్బురేటర్ పనిచేసే తీరును కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడ ప్రాంతపు కాలువలను చూసి గ్రహించవచ్చు. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నుండి మంజీర నీరు కాలువల ద్వారా అక్కడి వరి పొలాలకు చేరుతుంది. వెడల్పైన కాలువలో నెమ్మదిగా సాగే నీరు ఇరుకైన చోట వడిగా పరుగెత్తుతుంది. గాలి స్వభావమూ ఇటువంటిదే. కార్బురేటర్ నడుమ ఒక సన్నని కంఠం ఉంటుంది. ఇటలీ శాస్త్రవేత్త పేరుమీద దానిని వెంచురి అంటారు. ఆ కంఠంలో గాలి వేగం పెరిగి, పీడనం తగ్గుతుంది. అప్పుడు తొట్టిలోని పెట్రోలు జెట్ అనే సన్నని రంధ్రం గుండా పైకి వచ్చి, తుంపరలై గాలిలో కలుస్తుంది. ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి.

ఇంజను శక్తిని పెంచదలచినవారు సాధారణంగా పెద్ద కార్బురేటర్‌ను కోరుకుంటారు. అది ఎంతవరకు సమంజసమో లెక్క వేసి చూడాలి. విల్లీస్ జీపు ఇంజను సామర్థ్యం సుమారు 2.2 లీటర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన సామర్థ్యానికి సరిపడే గాలిని పీల్చుకుంటుంది. నిమిషానికి 4,000 చుట్లు తిరిగితే 4,400 లీటర్లు కావాలి. వాస్తవానికి సిలిండర్లు పూర్తిగా నిండవు. నాలుగింట మూడు వంతులు నిండుతాయనుకుంటే 3,300 లీటర్లు చాలు. సిలిండర్లను తొలిచి సామర్థ్యాన్ని 2.4 లీటర్లకు పెంచినా, ఆ అవసరం 3,600 లీటర్లకే చేరుతుంది. అంటే పెరుగుదల పదో వంతు కూడా లేదు. అటువంటి ఇంజనుకు రెట్టింపు పరిమాణం గల కార్బురేటర్ బిగించడం వృథా.

వృథా మాత్రమే కాదు, హాని కూడా. కంఠం మరీ వెడల్పైతే తక్కువ చుట్లలో గాలి వేగం పడిపోతుంది. పెట్రోలు సన్నని తుంపరలుగా మారదు. బురదలో నెమ్మదిగా, బలంగా లాగవలసిన సమయంలోనే ఇంజను తడబడి ఆగిపోతుంది. ఇంధనం వృథా అవుతుంది, విషవాయువైన కార్బన్ మోనాక్సైడ్ అధికమవుతుంది.

ఎగుడుదిగుడు దారులలో మరొక చిక్కు ఉన్నది. తొట్టిలోని పెట్రోలు మట్టాన్ని ఫ్లోట్ అనే తేలియాడే భాగం నియంత్రిస్తుంది. వాహనం గట్టు ఎక్కేటప్పుడు ఒరిగితే ఆ మట్టం తప్పుతుంది. అప్పుడు పెట్రోలు పొంగి ఇంజనులోకి పొర్లవచ్చు, లేదా జెట్‌కు అందకపోవచ్చు. కనుక వాలులో కూడా మట్టం నిలుపుకోగల కార్బురేటర్‌నే ఎంచుకోవాలి. దుమ్మును అడ్డగించే ఎయిర్ ఫిల్టర్ తప్పనిసరి.

బిగించిన తరువాత సరైన జెట్‌ను నిర్ణయించడానికి స్పార్కు ప్లగ్గు కొన సాక్ష్యమిస్తుంది. లేత గోధుమ రంగు సరైన మిశ్రమానికి గుర్తు. నల్లని మసి పట్టితే పెట్రోలు ఎక్కువైనట్లు, తెల్లగా పాలిపోతే తక్కువైనట్లు భావించాలి. పెట్రోలు తక్కువైన మిశ్రమం ఇంజనును మితిమీరి వేడెక్కించి పిస్టన్లను పాడుచేయగలదు.

ఇంజనులో మార్పులు చేసేవారు చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలకు భిన్నంగా వాహనాన్ని యజమాని తన ఇష్టానుసారం మార్చరాదు. ఇంజను సామర్థ్యం ఆ వివరాలలో ఒకటి. అందువల్ల పని మొదలుపెట్టకముందే రవాణా శాఖ అధికారులను సంప్రదించడం వివేకం.

వాపును చూసి బలుపు అనుకోరాదని పెద్దలు చెబుతారు. యంత్రాల విషయంలోనూ ఈ మాట అక్షరసత్యం. ఇంజను అవసరాన్ని కొలిచి, నడిచే దారిని గమనించి ఎంచుకున్న చిన్న కార్బురేటర్, ఆడంబరానికి బిగించిన పెద్దదానికంటే ఎన్నో రెట్లు మేలు చేస్తుంది.