పడవను వెనక్కి లాగేది నీరే

పాటుకి నీరు దిగిపోయాక భైరవపాలెం రేవులో పడవలు బురద మీద పక్కకి ఒరిగి ఉంటాయి. పడవ అడుగు ఎలా ఉందో చూడాలంటే అదే సమయం. వేసవిలో ఓ పొద్దున అలా ఒరిగిన ఇరవై అయిదు అడుగుల ఫైబరు పడవ దగ్గర నిలబడి ఉంటే, దాని సరంగు అడిగాడు: "ఈ పది తీసేసి పదిహేను హార్స్‌పవరు ఇంజిను ఎట్టిత్తే జోరందుకుంటాదాండీ?"

నేను పడవ అడుగున అరచెయ్యి పెట్టి రాశాను. నాచు జారింది గానీ, దాని కింద అంటుకున్న గుల్లలకు చెయ్యి గీరుకుపోయింది. గౌతమి పాయ సముద్రంలో కలిసే చోట ఉప్పునీటిలో పడవను కొన్ని వారాలు కట్టి ఉంచితే చాలు, ఇవి పట్టేస్తాయి.

ఈ గరుకు ఎంత బరువో నూటయాభై ఏళ్ల కిందటే లెక్కగట్టినవాడున్నాడు. ఇంగ్లండులో విలియం ఫ్రూడ్ అనే ఇంజనీరు 1870ల్లో తన ఇంటి దగ్గర పొడవాటి నీటితొట్టి కట్టించుకుని, అందులో చెక్కల్ని నిలువుగా ముంచి లాగుతూ ఎంత బలం పడుతోందో కొలిచాడు. ఒకదానికి వార్నిషు, ఇంకోదానికి గుడ్డ, మరోదానికి ఇసుక పూత. ఇసుక పూసిన చెక్కను లాగడానికి వార్నిషు చెక్కకు పట్టిన దానికి దాదాపు రెట్టింపు బలం కావలసి వచ్చింది. ఇసుక రేణువుకే అంతయితే, శనగబద్దంత గుల్లల సంగతి ఊహించుకోవచ్చు. పాత ఇంజినుతోనే పోయిన జోరు తిరిగి రావాలంటే మొదటి పని గీకుడే.

పెద్ద ఇంజినుతో ఎందుకు లాభం లేదో చెప్పేదీ ఫ్రూడ్ పరిశోధనే. పడవ కదిలితే ముక్కు దగ్గర ఒక అల లేస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవూ పెరుగుతుంది. అల పొడవు పడవ పొడవంత అయ్యేసరికి ముక్కు ఒక అల మీద, వెనక భాగం తర్వాతి అల మీద ఉంటాయి. అంతకు మించితే వెనక భాగం పల్లంలోకి జారి, పడవ తను లేపిన అలనే ఎక్కాల్సి వస్తుంది. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు వేగం నాట్లలో వస్తుంది. 25 అడుగులకు 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. వలలు, ఐసు, నలుగురైదుగురు మనుషులతో నిండిన పడవ ఆ గీత దగ్గరికి వచ్చాక, ఇంకెంత పెట్రోలు తాగించినా అల పెద్దదవుతుందే గానీ దూరం తరగదు. ఆ గీతకు పదోవంతు తక్కువలో నడిపితే ఇంజినుకు పడే శ్రమ నాలుగోవంతుకు పైగా తగ్గుతుంది. ఇద్దరే ఎక్కిన తేలికపాటి చిన్న పడవ అయితే కథ వేరు. దానికి తగిన బలం దొరికితే అలను దాటి నీటి మీదికి లేచి జారుతూ పోతుంది. అక్కడ ప్రతి కిలో బరువూ లెక్కే.

బరువంటే సరుకు ఒక్కటే కాదు. పడవ అడుగున నాలుగు మీటర్ల పొడవు, మీటరు వెడల్పున బెత్తెడు నీళ్లు నిలిచాయంటే సుమారు 300 కిలోలు. జీతం లేకుండా అయిదుగురు ఎక్కి కూర్చున్నట్టే. పైగా ఆ నీరు వెనక్కి పారి, ఇంజిను బరువుతో కలిసి వెనకభాగాన్ని ముంచి ముక్కును ఆకాశానికి ఎత్తుతుంది. నీళ్లు తోడి, పెట్రోలు డబ్బానూ ఐసుపెట్టెనూ ఒక బారెడు ముందుకు జరిపి చూడండి, తేడా పక్కన పారే నీటిలోనే కనిపిస్తుంది.

ఇక నీటిలో తిరిగి పడవను నెట్టే ఫ్యాను. నా దృష్టిలో ఎవరూ అసలు పట్టించుకోనిది ఇదే. ఫ్యాను మీద రెండు అంకెలుంటాయి. మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. మరమేకు ఒక చుట్టు తిరిగితే చెక్కలోకి ఎంత దిగుతుందో, ఫ్యాను ఒక చుట్టుకి నీటిలో అంత ముందుకి పోవాలి, అదీ పిచ్. ఇంజిను నిమిషానికి 5000 చుట్లు తిరిగి, గేరు దాన్ని సగం చేస్తే ఫ్యానుకి 2500 అందుతాయి. 9 అంగుళాల పిచ్ అయితే లెక్క ప్రకారం గంటకు 34 కిలోమీటర్లు పోవాలి. మన బరువు పడవ పోయేది 12. మిగిలిందంతా నీటిని వెనక్కి చిమ్మడానికే పోతోంది. ఆ ఫ్యాను తేలికపాటి పడవకు తయారైనది. లోడు పడవకు పిచ్ తక్కువది, వీలైతే వ్యాసం ఎక్కువది వేస్తే ఇంజిను ఉక్కిరిబిక్కిరి కాకుండా తన పూర్తి చుట్లు అందుకుంటుంది. సరంగు ఇంజినును పైకి తిప్పితే చూశాను, ఇసుకమేటలకి తగిలి మూడు రెక్కల అంచులూ కొరికినట్టున్నాయి. ఆకురాయితో సరిచేస్తే పోయేవి కావవి.

ఫ్యాను పైన అడ్డంగా ఉండే రేకు పడవ అడుగుకి సమంగానో, ఒక అంగుళం కిందకో ఉండాలి. మరీ పైకుంటే ఫ్యాను గాలి పీల్చి ఇంజిను కీచుమంటుంది. మరీ కిందకుంటే నీటిలో దిగిన ఇంజిను కాలే బ్రేకులా నీటిని పట్టి లాగుతుంది.

"మొగ కాడ ఏం చేసినా ఎల్లదండీ," అన్నాడతను. నిజమే. ఏరు సముద్రంలో కలిసే ఆ మొగలో లోతు మీటరే ఉన్నచోట అల గంటకు 11 కిలోమీటర్లకు మించి పరిగెత్తలేదు. పడవ ఆ వేగానికి చేరేసరికి వెనకభాగం కుంగిపోయి, జోరు చచ్చిపోతుంది. ఇసుకమేటల మీద పెట్రోలు తగలేసే బదులు పోటు ఎక్కేదాకా ఆగడం మేలు.

ఏం మార్చినా ఫోనులోని జీపీఎస్‌తో కొలవాలి, కాని ఒక్కవైపు కాదు. అది నేల మీద వేగం చూపుతుంది, నీటి మీద కాదు. పాటుతో పోతే 15, ఎదురు పోతే 9 చూపిస్తే, పడవ అసలు వేగం 12. మధ్యలో ఉన్న ఆ మూడు కిలోమీటర్లు గోదావరివి. తెరచాప నావల రోజుల్లో ఈ రేవు వాళ్లు పాటుతో సముద్రానికి దిగి, పోటుతో ఇంటికి తిరిగొచ్చింది ఆ మూడింటి కోసమే.